గింజయు ఊపిరి తీయును

నూర్చిన ధాన్యమును తడి యారకముందే రాశిగా పోసి, రెండు మూడు దినముల పిమ్మట దానిలోనికి చేయి జొనిపినచో వేడి తగులును. ఇది రైతులందరకును తెలిసిన సంగతియే. రాశిక్రింద ఎవరును నిప్పు పెట్టలేదు. మరి ఆ వేడి ఎక్కడిది? దీనికి సమాధానము తెలిసినచో, మన దేహమునకు బలమెట్లు చేకూరుచున్నదో, నిలువ ధాన్యము ఏల తరుగుచున్నదో, మూసియున్న పాతరలోనికి దిగిన మనిషి ఏల కుప్పగూలుచున్నాడో గూడ తెలియగలదు.

కణములో జరుగు పని

ఊపిరి యనగా గాలిని పీల్చి విడుచుటయే యని మనము తలంతుము. అది పైపని మాత్రమే. అసలు పని శరీరమందలి జీవకణములలో జరుగుచున్నది. మనము తినిన అన్నమో, జొన్నరొట్టెయో, రాగిసంకటియో జీర్ణమై, గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తమున కలియును. ఊపిరితిత్తులు గ్రహించిన ప్రాణవాయువును గూడ రక్తమే మోసికొనిపోవును. కణములో ప్రాణవాయువు సాయమున ఈ చక్కెర విచ్ఛిన్నమై, బొగ్గుపులుసు వాయువుగను, నీరుగను మారును. దానిలో దాగియున్న శక్తి వెలువడును. దీనినే కణశ్వాసక్రియ యందురు.

దీని లెక్క చక్కగా సరిపోవును. 180 గ్రాముల గ్లూకోజునకు 192 గ్రాముల ప్రాణవాయువు కావలెను. 264 గ్రాముల బొగ్గుపులుసు వాయువును, 108 గ్రాముల నీరును ఏర్పడును. లోపలికి పోయినది 372 గ్రాములు, బయటికి వచ్చినదియు 372 గ్రాములే. ఈ మార్పులో సుమారు 686 కిలోకేలరీల శక్తి వెలువడును.

శ్వాసక్రియ నెమ్మదిగా జరుగు దహనమేయని ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు లావోయిజియే, లాప్లాసు 1783లో ప్రకటించిరి. వారు గినీపంది యను చిన్న జంతువును మంచుగడ్డలు చుట్టిన పాత్రలో నుంచి, దాని వేడికి కరగిన మంచును, అది విడిచిన వాయువును కొలిచి, బొగ్గు మండునప్పటి లెక్కతో పోల్చి చూచిరి.

అయితే పొయ్యిలో కట్టె మండినట్లు చక్కెర ఒక్కసారిగా మండినచో కణము బ్రతుకజాలదు. గాదెలోని ధాన్యమును ఏ పూటకు కావలసినది ఆ పూటకు సోలతో కొలిచి తీసినట్లు, కణము ఈ శక్తిని మెట్టుమెట్టుగా విడుదల చేసి, ఏ.టి.పి. అను పదార్థములో కొంత నిలువచేయును. మిగిలినది వేడిగా పోవును. ఈ పనిలో అధికభాగము కణమందలి మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములలో జరుగును.

ఈ ఏ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో భీమవరమున 1895లో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరగుట మనకు గర్వకారణము. అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి వారు దీనిని కండరములనుండి వేరుచేసిరి. ఆ సంవత్సరమే జర్మనీలో కార్ల్ లోమన్ గూడ దీనిని విడిగా కనుగొనెను.

రాశి ఏల వేడెక్కును?

గింజయు ప్రాణముగలదే. దానిలోని మొలక నిద్రించుచు, తనచుట్టునున్న పిండిపదార్థమును కొంచెముకొంచెముగా ఖర్చు చేసికొనుచుండును. ఎండిన గింజ అతి మెల్లగా ఊపిరి తీయును. తడి గింజ వడిగా తీయును. అప్పుడు పుట్టిన వేడియు, నీటియావిరియు ప్రక్క గింజలకు సోకి, వాని శ్వాసను గూడ వేగిరపరచును. బూజును, పురుగులును చేరి తామును ఊపిరి తీయుచు వేడిని హెచ్చించును. ఇట్లు మన పంట వాయువై గాలిలో కలిసిపోవును. విత్తనమైనచో మొలకశక్తి నశించును.

కావున ధాన్యమును నెలల తరబడి నిలువచేయుటకు తేమ 14 శాతమునకు మించరాదు. విత్తనమునకు 12 శాతము మేలు. కొనుగోలు కేంద్రములలో ధాన్యమునకు నిర్ణయించిన 17 శాతము అమ్మకమునకు హద్దు మాత్రమే. ఇంట నిలువచేయుటకు అది చాలదు.

పాతరలోని అపాయము

మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు 21 శాతము, బొగ్గుపులుసు వాయువు 0.04 శాతము మాత్రమే. మూసియుంచిన పాతరలో గింజలు, బూజు, పురుగులు ప్రాణవాయువును హరించి, బొగ్గుపులుసు వాయువును నింపును. ఇది గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది గనుక అడుగున నిలిచియుండును. దీనికి రంగు లేదు, వాసన తెలియదు. గాలిలో ఇది 10 శాతము చేరినచో మనిషి కొలది నిమిషములలోనే స్పృహ తప్పును. పడినవానిని లేవదీయుటకు దిగినవాడును అక్కడనే పడిపోవును.

నేడు పాతరలు అరుదైనను, ఆకులలములు కుళ్లుచున్న పాడుబావులలోను ఇట్టి అపాయమే కలదు. మరుగుదొడ్ల గుంతలలో ఇతర విషవాయువులు గూడ చేరును. దీపము దించి చూచుట మన పెద్దల వాడుక. దీపము ఆరినచో అపాయము నిశ్చయము. కాని ఆరనంతమాత్రమున క్షేమమని నమ్మరాదు. మరుగుదొడ్ల గుంతలలో, గోబరు గ్యాసు గుంతలలో మండు వాయువు ఉండును గనుక అచ్చటికి నిప్పు తీసికొనిపోనేరాదు.

పంచాయతీల కర్తవ్యము

పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునది ఇది. కోతలకు ముందే ధాన్యము ఆరబోయుటకు తగిన కళ్లములను సిద్ధపరుపుడు. పాడుబావులకు మూతయో, చుట్టుగోడయో ఏర్పరుపుడు. రక్షణ సాధనములు లేకుండ మనుష్యులను గుంతలలోనికి దింపి శుభ్రము చేయించుట 2013 నాటి చట్టముచే నిషేధింపబడినదని గ్రామసభలో చదివి వినిపింపుడు. ఎవరైన గుంతలో పడిపోయినచో వెంట దిగవలదనియు, వెంటనే 101కు గాని 112కు గాని ఫోను చేయవలెననియు ప్రతి ఇంటికిని తెలియజేయుడు. ఆదుకొనబోయి మరియొకరు ప్రాణము కోల్పోవు దుస్థితి మన గ్రామములలో ఇకమీదట కలుగకుండుగాక.