ఆఖరి వరుసలో ఉభయదారులు

బాలి దీవి గామెలాన్ మేళం మీద ముఖచిత్ర కథనం అనగానే కంచు పలకల మెరుపు, జరీ కట్టిన నర్తకులు, కళ్లు తిప్పే ముఖాలు సగం పేజీ ఆక్రమిస్తాయి. ఆ ఫొటోల్లో పడని సంగతి ఒకటుంది. ఆ వాద్యాలు చాలాచోట్ల ఏ విద్వాంసుడివీ కావు, ఊరివి. బాలిలో ఊరి వాడను బంజార్ అంటారు (మన బంజరు భూమితో దానికి చుట్టరికం లేదు). రైతులు, మేస్త్రీలు, బడిపిల్లలు సాయంత్రాలు వాడ సావడిలో కూర్చుని సాధన చేస్తారు, గుడి పండగొస్తే దేవుడి ముందు వాయిస్తారు. కూలి అడగకుండా చేసే ఆ సేవను 'ఙాయహ్' అంటారు. దానికి దగ్గరి మాట కోసం చిత్తూరు, తిరుపతి పల్లెల్లో నిఘంటువు తిరగెయ్యక్కర్లేదు. ఉభయం (గుడి పండగలో ఒక రోజు ఖర్చును ఒక ఇల్లో వీధో మోయడం) అంటే చాలు. పదిమందీ కలిసి ఆడేపాడే కళను బతికించేది చూసేవాళ్ల మెప్పు కాదనీ, పంచుకున్న బాధ్యతేననీ ఈ రెండు మాటలూ చెబుతున్నాయి. బాలిని చూసి ముచ్చటపడే మనం మన ధర్మరాజుల గుడి భారత ఉత్సవాల కరపత్రాన్ని మాత్రం వేరుశనగలు పొట్లం కట్టడానికి వాడేస్తాం.

ముందు ఆ వాద్యం సంగతి. గామెలాన్‌లోని గాంగ్సా అంటే వెదురు గొట్టాల మీద వేలాడే కంచు పలకల వరస. కుడిచేతిలోని చెక్క సుత్తితో ఒక పలకను కొట్టి, రెండోదాన్ని కొట్టే క్షణంలోనే ఎడమచేతి వేళ్లతో మొదటిదాన్ని పట్టి మోత ఆపాలి. లేకపోతే మోత మీద మోత పడి గోల అవుతుంది. ఇది ఒక్కరు నేర్చుకునే పనే, అసలు కిటుకు ఇద్దరి మధ్య ఉంది. గాంగ్సాలను జంటలుగా చేస్తారు. జంటలో ఒకదాని శ్రుతి రెండోదానికన్నా కాస్త హెచ్చుగా, కావాలనే పెడతారు. రెండూ కలిసి మోగితే నాదం అలలా వణుకుతుంది. ఆ వణుకు లేకపోతే బాలి చెవికి ప్రాణం లేనట్టే. వేగం పెరిగినప్పుడు ఒకే వరసను ఇద్దరు పంచుకుంటారు, ఒకరు వదిలిన సందులో రెండోవారి దెబ్బ పడుతుంది. దీన్నే కొతెకాన్ అంటారు. ఒక్కడే వాయిస్తే అది పళ్లూడిన దువ్వెన. పైగా ప్రతి మేళానికీ దాని శ్రుతి దానిదే, పక్క ఊరి పలక తెచ్చి ఇక్కడ ఇరికించలేరు. మన జడకోలాటంలో ఉన్నదీ ఇదే తర్కం. నడుమ పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని, ఒకరు లోపలికి, ఒకరు బయటికి అడుగేస్తూ జడ అల్లుతారు, వచ్చిన దారినే విప్పుతారు. అడుగు తప్పింది ఒక్కరే అయినా చిక్కుపడేది అందరూ.

ఇక కరపత్రం. ఎండాకాలం నుంచి ఆడి నెల దాకా పుత్తూరు, నగరి వైపే కాదు, పాత చిత్తూరు జిల్లా అంతటా ధర్మరాజుల గుళ్లలో భారతం పెడతారు. సాధారణంగా 18 రోజులు, పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. కరపత్రంలో తేదీ పక్కన బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, రాజసూయం, అర్జున తపస్సు, కృష్ణ రాయబారం, అభిమన్యు వధ, కర్ణ మోక్షం వరసగా ఉంటాయి. ఆఖరున దుర్యోధన వధ, అగ్నిగుండం, ధర్మరాజు పట్టాభిషేకం. పైపైన చూసేవాళ్లు అక్కడితో ఆగిపోతారు. నా లెక్కన కాగితానికి ప్రాణం ఆఖరి వరుసలో, ఉభయదారుల పేర్లలో ఉంది. ఫలానా రోజు ఫలానా వీధివాళ్లు, ఫలానా ఇంటిపేరువాళ్లు, ఒక బజారు వర్తకులు, ఒక పల్లె మొత్తం. ఆ రోజు పూజ, దీపాలు, అన్నదానం, ఆటగాళ్లకిచ్చే డబ్బు వాళ్లమీదే. తాత పోతే కొడుకు, కొడుకు బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్తే అక్కణ్నుంచే డబ్బు పంపి ఆ రోజును నిలుపుకుంటాడు. కాణిపాకం బ్రహ్మోత్సవాల్లోనూ ఉభయాలు ఇలాగే నడుస్తాయి. ఇంటిపేరు అచ్చయిన రాత్రి నాటకం పాడైతే తల వంచుకోవాల్సింది ఆ ఇల్లే.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1906, 1908ల్లో డచ్చి తుపాకుల ముందు బాలి కొలువులు కూలాయి. రాజుల గామెలాన్లు ఎన్నో ఊళ్లకు చేరాయి, కొన్నిటిని కరిగించి 1915 ప్రాంతంలో ఉత్తర బాలిలో పుట్టిన గోంగ్ కెబ్యార్ అనే కొత్త మేళానికి పోతపోశారు. 1927లో టాగోర్ చూసొచ్చాడు, 1931లో పారిస్ చూసింది, 2015లో బాలి నాట్యాలకూ 2021లో గామెలాన్‌కూ యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇక్కడ కార్వేటినగరం కొలువు పోయాక అక్కడి వాగ్గేయకారుడు సారంగపాణి పదాలు పుస్తకాల్లోకీ, కొద్దిమంది గాయకుల గొంతుల్లోకీ వెళ్లాయి. ఊరు పోషించిన భారతం మాత్రం ఊళ్లోనే ఉంది.

ఈ పోలికకు మొదటి అభ్యంతరం గట్టిదే. బాలిలో ఊరే వాయిస్తుంది, ఇక్కడ డబ్బిచ్చి ఆటగాళ్లను తెప్పిస్తారు, రెండూ ఒకటెలా అవుతాయి? నిజమే, మద్దెల, ముఖవీణ, హార్మోనియం వాళ్లవే, భుజకీర్తులూ వాళ్లవే. కానీ అర్జున తపస్సు రోజు చూడండి. ఎత్తయిన తపస్సు మాను మెట్టుమెట్టుకూ పద్యం పాడుతూ అర్జునుడు ఎక్కుతుంటే, కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో వరపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ, విభూతి తమ కొంగులో పడాలని చూస్తుంటారు. దుర్యోధన వధనాడు నేలమీద పడుకోబెట్టిన పెద్ద మట్టిబొమ్మ చుట్టూ భీముడు తరుముతుంటే జనం పరిగెత్తుతారు, సాయంత్రం కంకణం కట్టుకున్నవాళ్లు నిప్పులు తొక్కుతారు. ఆటగాడు తెచ్చేది పాత్ర, మిగిలిందంతా ఊరిదే.

రెండోది, ఇది భక్తి, కళ కాదనేవాళ్ల మాట. బాలివాళ్లకూ ఈ తగువు వచ్చింది. 1930లలోనే కెచక్ నాట్యం పర్యాటకుల కోసం రూపు మార్చుకుంది. చివరికి 1971లో సదస్సు పెట్టి, గుడి లోపల ఏది, ముంగిట ఏది, వినోదానికి ఏది అని నాట్యాలను మూడుగా విడదీశారు. గీత గీసుకున్నారు కనుకే భక్తీ కళా రెండూ నిలిచాయని నా అభిప్రాయం. మనకా గీత లేదు. నాటకం రాత్రే పక్కవీధిలో ఆర్కెస్ట్రా సౌండ్ బాక్సులు పెడితే కర్ణుడి పద్యం ఎవరికి వినపడాలి?

మూడోదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉభయాల్లో కులం లెక్క ఉంది, ఆడవేషాలు చాలాకాలం మగవాళ్లవే. బాలిలోనూ 1980ల దాకా గామెలాన్ దాదాపు మగవాళ్ల సొత్తే, తర్వాతే ఆడవాళ్ల బృందాలు పెరిగాయి. కరపత్రం ఆఖరి వరుసలోకి కొత్త పేర్లు రానిచ్చిన ఊళ్లో పండగ పెరుగుతుంది, రానివ్వని ఊళ్లో చందాలు తగ్గుతాయి.

పెట్టెలో: విరాటపర్వం

996లో జావాలో రాజు ధర్మవంశ తెగుః కొలువులో పాత జావా భాషలో విరాటపర్వం చదివించారు. అక్టోబరు 14న మొదలైన ఆ పఠనం నవంబరు 12 దాకా సాగింది. తెలుగులో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపితే, తిక్కన ఎత్తుకున్నదీ విరాటపర్వంతోనే. వానలు పడకపోతే రాయలసీమ ఊళ్లలో చదివించేదీ అదే. బాలి తోలుబొమ్మలాటలో, ముసుగు నాటకంలో రాజుల పాతభాషను హాస్యపాత్ర వాడుకభాషలో విప్పి చెబుతుంది. ఇక్కడ ఆ పని పగలు హరిదాసుది, రాత్రి హాస్యగాడిది.

ఈసారి ధర్మరాజుల గుడి కరపత్రం చేతికొస్తే ఆఖరి వరుస నుంచి మొదలుపెట్టి చదవండి. మీ ఇంటిపేరు లేకపోతే, వచ్చే ఏడు ఏ రోజు ఖాళీగా ఉందో గుడి పెద్దల్ని అడగండి.