ఉస్తాద్ – వస్తాదు

దీనీ మదర్సాలో చేరిన పసివాడు మొదటి దినమే నేర్చుకునే మాట 'ఉస్తాద్'. అలిఫ్, బే కంటె ముందే ఆ పిలుపు నోటికి వస్తుంది. నిత్యం పలికే ఈ పదం ఎక్కడిదో, దాని అర్థమేమిటో విచారించేవారు మాత్రం తక్కువ.

దీనిని అరబీ పదమని భావించేవారు చాలామంది. నిజానికి ఇది పారశీకం. ఏదైనా విద్యలోగాని, వృత్తిలోగాని ఆరితేరినవాడని మూలార్థం. అరబ్బులు దానిని స్వీకరించి 'ఉస్తాజ్' అన్నారు. దివ్య ఖుర్ఆన్‌లో ఈ పదం లేదు. అక్కడ బోధనకు సంబంధించిన మాటలు 'ఇల్మ్' కుటుంబానికి చెందినవి. 'ముఅల్లిమ్', 'తాలీమ్' ఆ కుటుంబంలోనివే.

తుర్కీ భాషలో ఇదే మాట 'ఉస్తా' అయి, వడ్రంగికీ తాపీమేస్త్రీకీ గౌరవవాచకమైనది. తాజ్‌మహల్ నిర్మాణశిల్పిగా ప్రసిద్ధుడైన అహ్మద్ లాహోరీకి, షెహనాయి విద్వాంసుడు బిస్మిల్లా ఖాన్‌కు పేరుకు ముందు నిలిచిన బిరుదు కూడా ఉస్తాదే. కనుక హైదరాబాదు పాతబస్తీలో మోటారు మరమ్మతు నేర్చుకుంటున్న కుర్రవాడు తన మేస్త్రీని ఉస్తాద్ అని పిలిస్తే, అది మదర్సా వారి సొత్తును అపహరించినట్లు కాదు.

తెలుగులో ఈ పదం పొందిన రూపం మరింత విచిత్రమైనది. 'వస్తాదు' అనగా మల్లయోధుడు. వస్తాదులు సాము చేసే చోటు 'తాలింఖానా'. తాలీమ్ అంటే బోధన, ఖానా అంటే గృహం. బోధనాగృహం వ్యాయామశాల అయినది. గురువు కండలు తిరిగిన మనిషి అయినాడు. కుస్తీ కూడా గురుముఖతః నేర్వవలసిన విద్యే కనుక, పట్లు నేర్పేవాని పేరు క్రమంగా పట్లు పట్టేవానికీ సంక్రమించి ఉంటుంది.

భాషలో ఇది వింతే గాని దోషం కాదు. తరగతి గదిలో ఉస్తాద్ వస్తాదుగా మారడమే దోషం. "మాంసం మీది, ఎముకలు మావి" అని చెప్పి బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులను మా తరం వారు ఎరుగుదురు. ఆ మాటను అనుమతిపత్రంగా తీసుకున్న బెత్తాలనూ ఎరుగుదురు. కాని అల్లాహ్ తనను కష్టపెట్టేవానిగా కాక, సులభం చేసే బోధకునిగా పంపాడని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉన్నది. అక్కడ 'ముఅల్లిమ్' అనే మాటకు చేరిన విశేషణం 'ముయస్సిర్', అనగా సులభతరం చేసేవాడు. దెబ్బకు భయపడి సూరా కంఠస్థం చేసిన బిడ్డ, భయం తీరిన నాడు సూరాను కూడా విడిచిపెడతాడు.

ఇక ఇంటి సంగతి. "నీవు పెద్ద ఉస్తాద్‌వే!" అంటే మన ఇళ్లలో మెప్పు కాదు, టక్కరి అని. 'ఉస్తాదీ చూపించాడు' అంటే మోసం చేశాడని. పెద్దలు ఇలా పరిహాసమాడుతుండగా విన్న బిడ్డ, మరునాడు ఉదయం అదే మాటతో గురువును పిలవాలి. ఆ పిలుపులో ఎంత గౌరవం మిగులుతుంది?

గౌరవమంటే నోటిమాట మాత్రమే కాదు. కూఫా నగరంలో పట్టువస్త్రాల వర్తకుడైన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గురించి ఒక ఉదంతం ప్రసిద్ధం. కుమారుడు హమ్మాద్ ఫాతిహా సూరా నేర్చుకున్నప్పుడు ఆయన బోధకునికి 500 దిర్హములు పంపారట. అంత సొమ్ము చూసి ఆ బోధకుడు విస్తుపోగా, ఇంతకంటె ఉంటే అదీ ఇచ్చేవాణ్ణని ఇమామ్ అన్నారట. ఫాతిహాలో ఉన్నవి 7 ఆయత్‌లే!

మన వీధులలో 'ఉస్తానీ' కూడా ఉంటుంది. వంటా వార్పూ ముగించి, అస్ర్ తరువాత తన వరండాలో చాప పరచి, పది పన్నెండుమంది పిల్లలకు నాజిరా చెప్పే ఇల్లాలు ఆమె. ఆమెకు నియామకపత్రం ఉండదు, సెలవుచీటీ ఉండదు. పిల్లవాడు ఖుర్ఆన్ పూర్తిచేసిన నాడు విందుకు బంధువులందరినీ పిలుస్తాము. ఆమెకు ఒక చీర పెడతాము. ఆ వెనుక గడిచిన రెండు మూడు సంవత్సరాల నెలసరి హదియా ఎన్ని నెలలు ముట్టినదో, ఎన్ని నెలలు బాకీ ఉన్నదో ఆ ఇంటి లెక్కల పుస్తకంలో కనబడదు. ఆమె అడగదు.