బంగినపల్లి మామిడి

బంగినపల్లి మామిడి ఆంధ్రప్రదేశ్‌లోని రాయలసీమకు చెందిన బనగానపల్లె పేరుతో ప్రసిద్ధి చెందిన మామిడి రకం. దీనికి బేనిషాన్, సఫేదా, చప్పట మొదలైన పేర్లు కూడా కలవు. పసుపు రంగు, పలుచని తొక్క, పీచు లేని గట్టి గుజ్జు, తియ్యదనం ఈ పండు ముఖ్య లక్షణాలు. 2017 మే 3న దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. శాస్త్రీయంగా ఇది అనకార్డియేసి కుటుంబంలోని మాంజిఫెరా ఇండికా అనే జాతికి చెందినది.

పేరు

ఊరిని ప్రస్తుతం బనగానపల్లె అని వ్రాస్తున్నారు. పండు పేరు మాత్రం వాడుకలో బంగినపల్లి, బంగనపల్లి అని నిలిచిపోయినది. తమిళనాడులోనూ ఇదే పేరుతో అమ్ముతారు. ఉత్తర భారతదేశపు మార్కెట్లలో, ముఖ్యంగా ఢిల్లీలో, దీనిని సఫేదా అంటారు. బేనిషాన్ అనే పేరు తెలంగాణ ప్రాంతంలోనూ ఉద్యానశాస్త్ర గ్రంథాలలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. పారశీక భాషలో "గుర్తు లేనిది" అనే అర్థం గల మాటకు ఈ పేరు దగ్గరగా ఉన్నది.

బనగానపల్లె సంస్థానం

బ్రిటిషు వారి కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ పర్యవేక్షణలో తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, సండూరు, బనగానపల్లె అని ఐదు స్వదేశీ సంస్థానాలు ఉండేవి. తెలుగు మాట్లాడే ప్రాంతంలో ఉన్నది వీటిలో బనగానపల్లె ఒక్కటే. దీని విస్తీర్ణం మూడు వందల చదరపు మైళ్ళకన్నా తక్కువ. 1901 జనాభా లెక్కల నాటికి ఇక్కడి జనాభా సుమారు 32 వేలు. 1800లో నిజాము రాయలసీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేయడంతో ఇవి దత్త మండలాలుగా పేరుపొందినవి. బనగానపల్లె కూడా ఆ కాలంలోనే బ్రిటిషు వారి ఆధిపత్యం క్రిందికి వచ్చినది. అయినా ఊరిని, చుట్టుప్రక్కల గ్రామాలను నవాబులే పాలించేవారు.

మామిడి తోటల పెంపకం ఆనాటి నవాబులకూ జమీందారులకూ ప్రీతిపాత్రమైన వ్యాపకం. ఎంపిక చేసిన చెట్లకు అంటుకట్టి, ఆ అంటుమొక్కలను బంధుమిత్రులకు కానుకగా పంపేవారు. బంగినపల్లి రకం కూడా బనగానపల్లె నవాబుల తోటలలో పెరిగి ఇతర ప్రాంతాలకు వ్యాపించినదని ప్రతీతి. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమై మద్రాసు రాష్ట్రపు కర్నూలు జిల్లాలో చేరినది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోనూ, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోనూ భాగమైనది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుండి బనగానపల్లె నంద్యాల జిల్లాలో ఉన్నది.

నేల, వాతావరణం

బనగానపల్లె ప్రాంతం సున్నపురాయి, ఇసుకరాయి పొరలతో కూడినది. బేతంచెర్ల నాపరాయి, బెలుం గుహలు, యాగంటి క్షేత్రంలోని గుహలు ఈ శిలా ప్రాంతానికి చెందినవే. భూగర్భశాస్త్రంలో ఇక్కడి ఒక శిలా సముదాయానికి బనగానపల్లె పేరే పెట్టారు. పూర్వం వజ్రాల కోసం త్రవ్వినది ఆ పొరలలోనే. కర్నూలు ప్రాంతంలో సగటు వర్షపాతం ఏడాదికి 600 నుండి 700 మిల్లీమీటర్లు మాత్రమే. అదీ జూన్ నుండి అక్టోబరు వరకే ఎక్కువగా కురుస్తుంది.

వర్షాభావం వరి పైరుకు చేటు. మామిడికి మాత్రం అది కొంతవరకు మేలు చేస్తుంది. మామిడి చెట్టు పూతకు రావాలంటే అంతకు ముందు కొన్ని వారాలు కొత్త చిగురు వేయకుండా విశ్రాంతిగా ఉండాలి. నవంబరు, డిసెంబరు నెలలలో నేల ఆరిపోయి రాత్రులు చల్లబడితే ఆ విశ్రాంతి దొరుకుతుంది. ఆ సమయంలో వాన పడినా, నీరు ఎక్కువగా పెట్టినా చెట్టు పూతకు బదులు ఆకు వేస్తుంది. పూత సమయంలో పొడి వాతావరణం ఉంటే తెగుళ్ళు కూడా తగ్గుతాయి. కాయ ఊరే దశలో మాత్రం నీరు అవసరం. మార్చి, ఏప్రిల్ నెలలలో బావులు, బోర్లు ఎండిపోతే పిందెలు రాలిపోవడం, కాయ పరిమాణం తగ్గడం జరుగుతుంది.

లక్షణాలు

పండు పెద్దది, కొంచెం వంకరగా ఉండే కోలాకారం కలది. బరువు సాధారణంగా 350 నుండి 400 గ్రాములు ఉంటుంది. ఇంతకన్నా పెద్ద కాయలు కూడా కాస్తాయి. కాయ మాగినప్పుడు తొక్క బంగారు పసుపు రంగుకు వస్తుంది, ఎరుపు డాలు ఉండదు. గుజ్జు గట్టిగా ఉండటంవలన కత్తితో ముక్కలుగా కోయడానికి వీలవుతుంది. అందుకే దీనిని కోత మామిడి అంటారు. చిన్న రసాలు, పెద్ద రసాలు, చెరుకు రసాలు మొదలైనవి చేతితో పిసికి పీల్చుకునే రకాలు. కోత మామిడికి, రసాలకు గల ఈ భేదం తెలుగువారికి సుపరిచితం. ఆవకాయకు పుల్లని, పీచు గల కాయలు కావాలి కనుక ఆ పనికి బంగినపల్లిని సాధారణంగా వాడరు.

ఇది మధ్యకాలపు రకం. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు పూత, ఏప్రిల్ నుండి జూన్ వరకు కోత ఉంటాయి. గుజ్జు, తొక్క దూర ప్రయాణానికి తట్టుకోగలవు కనుక వర్తకులు ఈ రకానికి ప్రాధాన్యమిస్తారు.

అంటు, వంశం

భారతదేశపు మామిడి రకాలలో చాలావరకు టెంకలో ఒకే పిండం ఉంటుంది. అది పరపరాగ సంపర్కం వలన ఏర్పడినది. అందువలన బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు. మొలిచిన చెట్టు కాయ చిన్నదో, పుల్లనిదో, పీచు కలదో కావచ్చును. తల్లిచెట్టు గుణాలు మారకుండా రావాలంటే నాటు మామిడి మొక్క మీద బంగినపల్లి కొమ్మను అంటుకట్టాలి. ఈ విధంగా చూస్తే నేడున్న బంగినపల్లి చెట్లన్నీ పాత చెట్టు కొమ్మలకు కొనసాగింపే.

ఒకప్పటి కడప జిల్లాలోని రైల్వే కోడూరు పండ్ల పరిశోధన కేంద్రం సంకర మామిడి రకాలకు పేరు పొందినది. అక్కడ నీలం రకాన్ని బేనిషాన్‌తో సంకరపరచి నీలేషాన్ అనే రకాన్ని రూపొందించారు. నీల్గోవా, నీలుద్దీన్, స్వర్ణజహంగీర్ కూడా ఆ కేంద్రం నుండి వచ్చినవే.

సాగు, కోత

పాత పద్ధతిలో మొక్కకు మొక్కకు, సాలుకు సాలుకు 10 మీటర్ల ఎడం వదిలి హెక్టారుకు 100 చెట్లు పెంచుతారు. పూత మీద తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఎక్కువ నష్టం కలిగిస్తాయి. తేనెమంచు పురుగు విసర్జించే జిగురు మీద మసి పెరిగి ఆకులు, కాయలు నల్లబడతాయి. కాయ పక్వానికి వచ్చేటప్పుడు పండు ఈగ ఆశిస్తుంది. ఏప్రిల్, మే నెలలలో వచ్చే గాలివానలకు కాయలు రాలిపోయి రైతు ఒక్క పూటలో నష్టపోవచ్చును.

చాలామంది రైతులు పూత దశలోనో, పిందె దశలోనో తోటను వ్యాపారికి గుత్తకిస్తారు. దీనివలన పెట్టుబడికి ముందే డబ్బు దొరుకుతుంది, గాలివాన నష్టం కొంతవరకు గుత్తదారు మీదికి పోతుంది. అయితే ధర పెరిగినప్పుడు ఆ లాభం కూడా గుత్తదారుకే దక్కుతుంది.

కాయలను గడకు కట్టిన చిక్కంతో, తొడిమ కొంత ఉండేటట్లు కోయాలి. తొడిమ ఊడితే సొన కారి తొక్క మీద మచ్చలు పడతాయి. పూర్వం ఇళ్ళలో వరిగడ్డి పరచి కాయలను మాగవేసేవారు. సీజను మొదట్లో ధర ఎక్కువగా ఉంటుంది కనుక ముదరని కాయలను కోసి, కాల్షియం కార్బైడుతో రంగు తెప్పించే అలవాటు కొన్ని చోట్ల వచ్చినది. ఇట్టి పండు పైకి పసుపుగా కనిపించినా లోపల రుచి ఉండదు. కార్బైడు వాడకం భారతదేశంలో నిషిద్ధం. 2016లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దీనికి బదులుగా, పది లక్షల పాళ్ళ గాలికి 100 పాళ్ళు మించకుండా ఇథిలీన్ వాయువు వాడుటకు అనుమతించినది.

ఎగుమతి

పండు ఈగ భయంవలన ఎగుమతులకు నిబంధనలు కఠినంగా ఉంటాయి. అమెరికా 2007లో భారతీయ మామిడిని తిరిగి అనుమతించినప్పుడు, పండ్లకు వికిరణ శుద్ధి జరగాలని షరతు పెట్టినది. పండు ఈగలు కనిపించాయని ఐరోపా సమాఖ్య 2014 మే నెల నుండి భారతీయ మామిడి దిగుమతిని నిలిపివేసి, 2015లో నిషేధాన్ని తొలగించినది. వేడినీటిలోనో, వేడి ఆవిరిలోనో నిర్ణీత సమయం ఉంచి గ్రుడ్లను, పురుగులను నశింపజేయడం ఇతర పద్ధతులు.

భౌగోళిక గుర్తింపు

వస్తువుల భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో ఆమోదం పొంది, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చినది. దీని నమోదు కార్యాలయం చెన్నైలో ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో, 2011లో, రాష్ట్ర ఉద్యానశాఖ బంగినపల్లి మామిడికి గుర్తింపు కోరుతూ దరఖాస్తు చేసినది. 2017లో నమోదయ్యేనాటికి రాష్ట్రం రెండుగా విడిపోయినది. దరఖాస్తులో బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలతో కూడిన కర్నూలు జిల్లాను మూలస్థానంగా పేర్కొన్నారు. తెలంగాణకు చెందిన ఖమ్మం, మహబూబ్‌నగర్, రంగారెడ్డి, మెదక్, ఆదిలాబాదు జిల్లాలు కూడా ద్వితీయ స్థానాలుగా అందులో ఉన్నాయి.

ఊరి పేరు, రకం పేరు

భౌగోళిక గుర్తింపు భావనకు ఫ్రాన్సు దేశపు ద్రాక్షసారా చట్టాలు ప్రసిద్ధమైన ఉదాహరణ. అక్కడ రోన్ నది లోయలో షాతో గ్రియే అనే చిన్న ద్రాక్ష తోట ఉన్నది. దీని విస్తీర్ణం సుమారు 3.5 హెక్టార్లు. 1936 నుండి ఈ తోటకు ప్రత్యేక మూలస్థాన నామం ఉన్నది. ఇక్కడ పెంచే వియోనియే ద్రాక్షను ప్రక్కనున్న కోండ్రియు గ్రామంలోనూ, ఇతర దేశాలలోనూ పెంచుతారు. కాని ఆ సారాలకు షాతో గ్రియే పేరు పెట్టరాదు. అక్కడ ద్రాక్ష రకానికి ఒక పేరు, స్థలానికి మరొక పేరు ఉన్నాయి.

బంగినపల్లి విషయంలో ఊరి పేరే రకానికి పేరైనది. అంటుమొక్కతో పాటు పేరు కూడా ప్రయాణించి, తమిళనాడులో పెరిగిన కాయ సైతం ఆ పేరుతోనే అమ్ముడవుతున్నది. కనుక పేరును మూలస్థానపు రైతులకే పరిమితం చేస్తే ఇతర ప్రాంతాల రైతులకు ఇబ్బంది కలుగుతుంది. అందరికీ వదిలివేస్తే బనగానపల్లె రైతుకు ప్రత్యేక ప్రయోజనం మిగలదు. దరఖాస్తులో విస్తృత ప్రాంతాన్ని చేర్చడం ఈ రెండింటికీ మధ్యమార్గం.

అంతర్జాతీయంగా కూడా తేడా ఉన్నది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలోని 23వ అధికరణం ద్రాక్షసారా, మద్యాల పేర్లకు ఎక్కువ రక్షణ ఇస్తుంది. కొనుగోలుదారు మోసపోయాడని నిరూపించనక్కరలేకుండానే ఆ పేర్ల దుర్వినియోగాన్ని అడ్డుకోవచ్చును. మామిడి వంటి ఇతర వస్తువులకు 22వ అధికరణం ప్రకారం, ప్రజలు పొరబడే అవకాశమో అక్రమ పోటీయో ఉన్నదని చూపించాలి. భారతదేశం ఈ అదనపు రక్షణను అన్ని వస్తువులకూ విస్తరించాలని కోరిన దేశాలలో ఒకటి.

నమోదు పదేళ్ళు అమలులో ఉంటుంది, తరువాత పునరుద్ధరించవచ్చును. పేరును చట్టబద్ధంగా వాడుకోదలచిన రైతు లేదా ఉత్పత్తిదారు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేసుకోవాలి. ఆ విధంగా నమోదైన వారికే ఈ గుర్తింపు వలన నేరుగా ఉపయోగం ఉంటుంది. గిర్ కేసర్ మామిడికి 2011లోనూ, ఆల్ఫాన్సోకు 2018లోనూ ఇటువంటి గుర్తింపు వచ్చినది.

ఇవి కూడా చూడండి

మామిడి
బనగానపల్లె
యాగంటి
బెలుం గుహలు