మాస్టర్ అడగందే స్లేవ్ పలకదు: ప్రొఫీబస్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్

పీఎల్‌సీ ఒక గదిలో ఉంటుంది, మోటార్లూ సెన్సర్లూ వంద మీటర్ల అవతల ఉంటాయి. మరి వీటి మధ్య డేటా ఎలా నడుస్తుంది? ఇవాళ ప్రొఫీబస్ డీపీ తీసుకుని చూద్దాం. రెండు తీగల కేబుల్, దాని మీద ఆర్ఎస్-485, అంతే.

సాఫ్ట్‌వేర్‌లో ఎవరికి పని పడితే వాళ్ళు మెసేజ్ పంపేస్తారు. నాకు అదే అలవాటు. ఇక్కడ అలా కాదు, మాస్టర్ అడిగేదాకా స్లేవ్ నోరు విప్పదు. పొద్దున్నే వచ్చే పాలతన్ని గుర్తు తెచ్చుకోండి. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి పాల క్యాన్ ఇస్తాడు, నిన్నటి ఖాళీ క్యాన్ పట్టుకెళ్తాడు. మాస్టర్ కూడా అంతే. అవుట్‌పుట్ బైట్లు స్లేవ్‌కి పంపుతుంది, దానికి జవాబుగానే స్లేవ్ తన ఇన్‌పుట్ బైట్లు ఇచ్చేస్తుంది. ఒక టెలిగ్రామ్‌లో ఎక్కువలో ఎక్కువ 244 బైట్లు. తర్వాత పక్క అడ్రస్. అందరూ అయిపోతే మళ్ళీ మొదటికి. మధ్యలో స్లేవ్‌కి ఏదైనా ఫాల్ట్ వస్తే, జవాబులోనే "నాతో పని ఉంది" అని చిన్న గుర్తు పెడుతుంది, అప్పుడు మాస్టర్ డయాగ్నస్టిక్స్ అడుగుతుంది.

(మా గుణదల విద్యుత్ సౌధకి కూడా దూరంలో ఉన్న సబ్‌స్టేషన్ల రీడింగులు వస్తుంటాయి. అక్కడి ప్రోటోకాల్ వేరు, అది ఇంకో ఎపిసోడ్‌లో.)

ఈ రౌండ్లు మొదలయ్యే ముందు మాస్టర్ రెండు పనులు చేస్తుంది. ఎన్ని బైట్లు లోపలికి, ఎన్ని బయటికి అని సరిచూస్తుంది, తేడా ఉంటే డేటా అసలు నడవదు. రెండోది పారామీటర్లు ఇవ్వడం. వాచ్‌డాగ్ టైమ్ వాటిలోనే ఉంటుంది. ఇంత టైమ్‌లో మాస్టర్ రాకపోతే స్లేవ్ తన అవుట్‌పుట్లని సేఫ్ స్థితిలో పెట్టేయాలని దాని అర్థం.

దీని విలువ నాకు బీటెక్ ఇంటర్న్‌షిప్‌లో తెలిసింది. గుడివాడ వైపు ఒక రైస్ మిల్లు. ఎలుక కేబుల్ కొరికేసింది. స్క్రీన్ మీద స్టాప్ నొక్కితే కన్వేయర్ ఆగదే! కమాండ్ పీఎల్‌సీ దాకా వెళ్ళింది కానీ, అక్కణ్ణుంచి స్లేవ్‌కి దారి లేదు. స్లేవ్ మాత్రం ఆఖరిసారి విన్న "ఆన్" పట్టుకుని కూర్చుంది. పక్కన పనిచేస్తున్న ఒకాయన కండువా రోలర్‌లో చిక్కింది. ఆయన వెంటనే వదిలేశాడు కాబట్టి సరిపోయింది. ఆపరేటర్ పరిగెత్తుకెళ్ళి మెయిన్ ఆపాడు.

తర్వాత ప్రోగ్రామ్ తెరిచి చూస్తే వాచ్‌డాగ్ టిక్ తీసేసి ఉంది. అంతకుముందు దాని టైమ్ ఒక రౌండ్ కంటే తక్కువ పెట్టారట, మిల్లు ఊరికే ట్రిప్ అవుతోందని ఎవరో మొత్తానికే ఆపేశారు. తీసేయక్కర్లేదండీ, టైమ్‌ని పూర్తి రౌండ్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ పెడితే చాలు. ఇంకొకటి, ఎమర్జెన్సీ స్టాప్‌ని ఇలాంటి మామూలు బస్ మీద వదిలేయకండి. మోటార్ కాంటాక్టర్‌కి నేరుగా వైర్ లాగండి. ఆ మిల్లులో ఆ వారమే లాగారు.