వెనక కుంగిందా... స్ప్రింగు సంగతి చూడండి!

ఐదుగురు ఎక్కి, డిక్కీ నింపితే కారు వెనకభాగం కుంగిపోతుంది. స్పీడ్ బ్రేకర్ వస్తే అడుగున ‘కర్ర్’మని రాసుకుంటుంది. ‘కాయిలోవర్లు వేయిస్తే సరి’ అంటారు మిత్రులు. నిజంగానే సరిపోతుందా?

నంద్యాల నుంచి కోయిలకుంట్ల వెళ్లే దారిలో ఉంటుంది గోస్పాడు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఇదో మండల కేంద్రం. చుట్టూ నల్లరేగడి. పంటకు బంగారం లాంటి ఆ నేలే రోడ్డుకు మాత్రం పరీక్ష పెడుతుంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. కింద నేల అలా కదులుతుంటే పైనున్న తారు మాత్రం ఎన్నాళ్లు నిలుస్తుంది? చూస్తూ చూస్తూ అలలు తేలుతుంది.

ఇలాంటి దారుల్లో మహానందికో, అహోబిలానికో కుటుంబమంతా ఒకే కారులో బయల్దేరుతుంది. వచ్చేటప్పుడు డిక్కీలో ఓ బియ్యం మూటా చేరుతుంది. చాలా చిన్నకార్లకు ఖాళీగా ఉన్నప్పుడే అడుగుభాగం నేలకు 16, 17 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. ఊళ్లలో కనిపించేవన్నీ ఆ కొలతలో ఉండవు. అందుకే వెనక ఎత్తు పెంచుకోవాలన్న ఆలోచన!

బైకు చూస్తే తెలిసిపోతుంది

కాయిలోవర్ అంటే ఏదో వింత వస్తువు కాదు. చాలా బైకుల వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే షాకబ్జర్లను చూడండి. మధ్యలో నూనె గొట్టం, దాని చుట్టూ స్ప్రింగు. కాయిలోవర్ అంటే అదే. బైకు మీద ఇద్దరు ఎక్కి వడ్ల మూట కూడా వేస్తే మెకానిక్ కొక్కెం పానాతో కింది మెట్ల రింగును ఓ మెట్టు తిప్పుతాడు కదా... కారు కాయిలోవర్లోనూ అలాంటి సర్దుబాటే ఉంటుంది. మెట్లకు బదులు మరలు ఉంటాయి. రింగును పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. రేసు కార్లను నేలకు దగ్గరగా దించి, మలుపుల్లో పట్టు పెంచేందుకు వీటిని ఎక్కువగా వాడతారు. మన దగ్గర అడిగేది మాత్రం ఎత్తడానికి!

ఇద్దరు పనివాళ్లు

స్ప్రింగుది ఒక పని, షాకబ్జర్‌ది మరో పని. బరువు మోసేది స్ప్రింగు. ఎంత బరువు పెడితే అంత లెక్కగా కుంగుతుంది. 1678లోనే ఈ సూత్రాన్ని రాబర్ట్ హుక్ ప్రచురించాడు. మిల్లీమీటరు కుంగడానికి రెండున్నర కిలోలు కావాల్సిన స్ప్రింగు మీద వంద కిలోలు అదనంగా పెడితే 4 సెంటీమీటర్లు కుంగిపోతుంది. నేలకున్న ఎత్తులో పావువంతు పోయినట్టే.

స్ప్రింగుకు మోయడం తెలుసు గానీ ఆగడం తెలియదు. గుంతలో పడి లేచాక ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాకబ్జర్. లోపలి పిస్టన్ సన్నటి రంధ్రాల గుండా నూనెను నెడుతుంటే, ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద చాలాసేపు నడిచిన కారు షాకబ్జర్ వెచ్చగా ఉండేది అందుకే.

ఈ తేడా తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది. కారు ఖాళీగా ఉన్నప్పుడే వెనక కుంగి ఉంటే స్ప్రింగులు అలసిపోయినట్టు. ఎత్తు బాగానే ఉండి గుంత దాటాక పడవలా ఊగితే షాకబ్జర్లు పోయినట్టు. డిక్కీ మూలను గట్టిగా నొక్కి వదలండి. ఒక్క ఊపుతో నిలబడితే బాగున్నట్టే. మూడు నాలుగుసార్లు ఊగితే, గొట్టం మీద నూనె జిడ్డు కనిపిస్తే మార్చాల్సిందే. చాలామందికి కావాల్సింది కంపెనీ షాకబ్జర్ల జత మాత్రమే... కాయిలోవర్లు కాదు!

బరువు ఎక్కడ పడుతుంది?

ఒకప్పటి అంబాసిడర్‌కు వెనక కమాన్ పట్టీలు ఉండేవి. 1983 డిసెంబరులో వచ్చిన తొలి మారుతీ 800కూ వెనక కమాన్లే. తర్వాతి మోడల్‌తో చుట్ట స్ప్రింగులు వచ్చాయి. నేటి చిన్నకార్లు చాలావాటిలో వెనక చక్రాలను కలుపుతూ ఒక అడ్డ దూలం ఉంటుంది. స్ప్రింగు ఒకచోట, షాకబ్జర్ మరోచోట విడివిడిగా ఉంటాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అలాంటి కారులో స్ప్రింగు కూర్చునే గిన్నె బరువు మోసేలా తయారవుతుంది. షాకబ్జర్ బిగించే చోటు ఊపును మాత్రమే తట్టుకునేలా ఉంటుంది. అక్కడ కాయిలోవర్ బిగిస్తే కారు వెనకవైపు బరువు ఆ బోల్టు మీద, దాని చుట్టూ ఉన్న రేకు మీద పడుతుంది. కొన్నాళ్లకు రేకు చీలిపోవచ్చు. అందుకే మంచి తయారీదారులు ఇలాంటి కార్లకు ఇచ్చే వెనక కిట్లలో స్ప్రింగు, షాకబ్జర్ విడిగానే ఉంటాయి. స్ప్రింగు కింద ఎత్తు సర్దే రింగు మాత్రం అదనం. పేరు కాయిలోవరే అయినా అమరిక వేరు. డబ్బు కట్టేముందు మీ కారు మోడల్‌కు తయారైనదేనా అని అడగండి.

బిగించేటప్పుడు...

* చదును నేల మీద నిలిపి, ముందు చక్రాలకు అడ్డురాళ్లు పెట్టాలి. జాకీతో లేపాక తప్పకుండా స్టాండ్ల మీద ఉంచాలి. జాకీని నమ్ముకుని కారు కిందికి దూరకూడదు.

* షాకబ్జర్ కింది బోల్టు ఊడదీసేముందు దూలానికి జాకీ ఆసరా ఇవ్వాలి. లేదంటే దూలం ఒక్కసారిగా జారుతుంది. బ్రేకు గొట్టం, సెన్సర్ వైరు తెగే ప్రమాదం ఉంది.

* రెండువైపులా ఒకేసారి మార్చాలి. కొలత టేపుతో ఎత్తు సమానంగా చూసుకోవాలి.

* రబ్బరు బుష్షుల బోల్టులను చివరిసారి బిగించేది కారు చక్రాల మీద నిలిచాకే. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగిపోయి త్వరగా చిరుగుతుంది.

* తర్వాత చక్రాల అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల కోణం సరిచూడాలి. వెనక లేస్తే వెలుగు ముందు రోడ్డుకే పరిమితమవుతుంది. కొన్ని వాహనాల్లో వెనక బరువును బట్టి బ్రేకు బలాన్ని మార్చే వాల్వు ఉంటుంది. దాన్నీ సర్దాలి.

* కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక బోల్టులన్నీ మరోసారి చూపించాలి.

స్ప్రింగు చుట్లు కోయడం, మంటతో కాల్చి వంచడం మాత్రం వద్దు. కాలిన ఉక్కు పదును పోగొట్టుకుంటుంది. నడిరోడ్డు మీద ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం.

చట్టం ఏమంటోంది?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ పత్రంలోని అంశాలు మారేలా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పులకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చని అదే ఏడాది సవరణ చెబుతోంది. కాబట్టి ముందే రవాణా కార్యాలయంలో, బీమా సంస్థలో అడగడం మేలు. వారంటీ ఉన్న కారైతే షోరూంలోనూ కనుక్కోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట మరొకటుంది. రింగు తిప్పితే ఎత్తు పెరుగుతుంది. మోసే శక్తి పెరగదు! టైర్లు, బ్రేకులు, ఇరుసు, బేరింగులు... అన్నీ పాతవే. కారు లేచి కనిపిస్తోంది కదా అని మరో రెండు మూటలు వేస్తే, కుంగి హెచ్చరించే గుణం కూడా పోతుంది. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో చల్లటి టైర్లకు ఎంత గాలి పెట్టాలో ఉంటుంది. నిండు బరువుకు వెనక టైర్లకు విడిగా అంకె ఇచ్చిన కార్లూ ఉన్నాయి. తిరునాళ్లకు బయల్దేరేముందు ఆ గాలి పట్టించండి. బరువైన మూటను డిక్కీ చివర కాకుండా సీటుకు ఆనించి పెట్టండి. రూపాయి ఖర్చులేని ఈ రెండు పనులతోనే ఆ ‘కర్ర్’మనే చప్పుడు కొంత తగ్గవచ్చు. అప్పటికీ తగ్గకపోతేనే... స్ప్రింగుల బేరం!