పొలిమేర దాటని పల్లె

ఇంగ్లండు దేశమున డెర్బీషైరు కొండల నడుమ ఈమ్ అను చిన్న పల్లె కలదు. 1665వ సంవత్సరము సెప్టెంబరులో లండనునుండి ఒక దర్జీ యింటికి తడిసిన బట్టలమూట వచ్చెననియు, దానిని విప్పి నిప్పుకడ ఆరవేసిన పనివాడే ప్లేగునకు మొదట బలియయ్యెననియు ఆ యూరివారు చెప్పుకొందురు.

మరుసటి యేట వేసవిలో వ్యాధి ప్రబలగా, మతాచార్యుడు విలియం మాంపెసన్ మాటపై గ్రామస్థులు పొలిమేర దాటక నిలిచిపోయిరి. పొరుగూళ్లకు తెగులు ప్రాకరాదని వారి తలంపు. డెవన్‌షైరు ప్రభువు ఆహారము పంపెను. పొలిమేరరాతిలోని గుంటలను వెనిగరుతో నింపి, అందు నాణెములు వేసి, పొరుగువారు దింపిపోయిన సరకులను తెచ్చుకొనెడివారు. ఆ రాయి నేటికిని ఉన్నది.

చరిత్రకారులు ఆచార్యునే ఎక్కువగా కొనియాడుదురు. మాకు మాత్రము ఎలిజబెత్ హాంకాక్ అను ఇల్లాలే పదేపదే జ్ఞప్తికి వచ్చుచున్నది. 1666 ఆగస్టులో, ఎనిమిది దినములలో, ఆమె భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతోనే పాతిపెట్టుకొనెను. సాయమునకు వచ్చువా రెవరు? పిల్లలను ముందే దూరము పంపి, భర్తను విడువక నిలిచిన ఆచార్యుని భార్య కాథరీన్ కూడ ఆ నెలలోనే గతించెను. మొత్తము సుమారు 260 మంది పోయిరి.

నేడు ఏటేట ఆగస్టు చివరి ఆదివారమున అచ్చట స్మారకప్రార్థన జరుగును. ఆ రోజులలోనే బంకమన్ను పరచిన పలకలపై పూరేకులద్ది, బొమ్మలు తీర్చి, నూతులచెంత నిలుపుదురు. మన ముగ్గులు చూచిన కంటికి అది క్రొత్తగా తోచదు. కాథరీన్ సమాధి చర్చి ఆవరణములో నున్నది. హాంకాక్ కుటుంబపు గోరీలు ఊరివెలుపలి పొలములో, గుండ్రని రాతిగోడ లోపల నున్నవి.