దీపం కొండెక్కకుండా

చెన్నై నుంచి అరక్కోణం వెళ్లే లోకల్ రైలు తిరువళ్లూరు దాటాక తిరువాలంగాడులో ఆగుతుంది. అక్కణ్నుంచి గుడికి ఇంకాస్త దూరం పోవాలి. ఈ ఊరున్న తిరుత్తణి తాలూకా 1960 మార్చి ఆఖరు దాకా మన చిత్తూరు జిల్లాలోదే. ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. గీత మారినంత మాత్రాన ఇంట్లో మాట మారదు కదా! దీపం ఆరిపోయిందని తెలుగిళ్లలో అనరు, కొండెక్కిందంటారు. అది కొండెక్కకుండా చూడటానికి వెయ్యేళ్ల కిందట ఈ నేల మీద ఎంత లెక్క కట్టారో, ఎవరి నెత్తిన పెట్టారో చెప్పుకోవాల్సిన కథ.

ఆలం అంటే మర్రి. మర్రి అడవే తిరువాలంగాడు, సంస్కృతంలో వటారణ్యం. ఇక్కడి వటారణ్యేశ్వరుడి గుడి నటరాజు పంచసభల్లో రత్నసభ. భక్త కవయిత్రి కారైక్కాల్ అమ్మైయార్ పాడుకున్న శివుడు ఆడింది గర్భగుడి వెలుగులో కాదు, ఇక్కడి శ్మశానంలో, కాలే చితుల వెలుగులో. రాజులొచ్చి, రాతి గుళ్లు లేచాక ఆ వెలుగుకు జమాఖర్చు మొదలైంది.

చోళుల కాలంలో పగలూ రాత్రీ ఆరకుండా వెలిగే అఖండ దీపాన్ని నందా విళక్కు అనేవారు. దానికి దాత డబ్బు కట్టి చేతులు దులుపుకునేవాడు కాదు, మందను ఇచ్చేవాడు. తంజావూరు పెద్ద గుడిలో రాజరాజ చోళుడి శాసనాల లెక్క ఇదీ: ఒక్కో దీపానికి 96 గొర్రెలు, లేదా 48 ఆవులు, లేదా 16 గేదెలు. అంటే ఒక ఆవు రెండు గొర్రెల పెట్టు, ఒక గేదె ఆరు గొర్రెల పెట్టు. పశువులను తీసుకున్న కాపరి రోజుకొక ఉళక్కు నెయ్యి కొలిచి పోయాలి. ఉళక్కంటే నాళిలో పావు వంతు. ఏడాదికి తొంభై నాళుల పైమాటే.

గొర్రె ముసలిదైపోతుంది, చస్తుంది. మరి దీపం? అందుకే శాసనాల్లో ఆ మందకో చిత్రమైన పేరుంది: 'చావా మూవా పేరాడు'. చావూ ముసలితనం లేని గొర్రెలన్నమాట. రోగమొచ్చి పది పోయినా పిల్లలతో మంద నింపుకోవాల్సిందే, లెక్క తగ్గకూడదు. ఈ మాట పుట్టించిన కరణమెవరో గానీ గట్టివాడు. గొర్రెకు అమరత్వమిచ్చి, పూచీ గొల్లకు అంటగట్టాడు. ఒక్కడికే కాదు, అతనికీ, అతని చుట్టాలకీ, ఆ చుట్టాల చుట్టాలకీ సూర్యచంద్రులున్నంత కాలం. మందలో మిగులు పిల్లలూ, బొచ్చూ కాపరికి కలిసొచ్చి ఉంటాయి, కాదనను. కానీ రాతి మీద దీపం దాత పేరున వెలిగింది, నెయ్యి మాత్రం గొల్ల ఇంటి కవ్వం కిందినుంచే వచ్చింది.

దీపం ఒక్కోసారి శిక్ష కూడా. వేటలో బాణం గురి తప్పి మనిషి చస్తే, చంపినవాడి ప్రాణం తీయకుండా గుళ్లో దీపం పెట్టించిన తీర్పులు తమిళ శాసనాల్లో ఉన్నాయి.

మన ద్రాక్షారామం గోడల మీదా ఇదే పద్ధతి. అఖండవర్తి దీపానికి పశువులను చేకొన్న బోయడు కొడుకుల, మనవల తరాల దాకా నిత్యం మానెడు నెయ్యి పోయాలి.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉంది ప్రాచీన రోము. అక్కడ దీపం మందలోంచి కాదు, ఓడలోంచి వచ్చింది. అరచేతిలో ఇమిడే మట్టి దీపం, పైన నూనె పోసే చిల్లు, ముందుకు సాగిన ముక్కులో నార వత్తి. తిరగేస్తే అడుగున కొన్నిటికి అచ్చేసిన పేరు: 'ఫోర్టిస్'. ఉత్తర ఇటలీలో మొదలైన ఆ సరుకు సామ్రాజ్యమంతా అమ్ముడుపోయింది, నకిలీలూ పుట్టుకొచ్చాయి. అందులో పోసేది ఆలివ్ నూనె. నూనె జాడీల పెంకులు పోగుపడి రోములో ఏకంగా గుట్టయింది. సుమారు 35 మీటర్ల ఎత్తు మోంతే తెస్తాచ్చో అదే. అంత నూనె తెచ్చుకున్న నగరంలో వీధి దీపాలు మాత్రం లేవు. కలవాడు దివిటీ పట్టే బానిసను ముందు నడిపించుకునేవాడు, లేనివాడు తడుముకునేవాడు.

ఆ నూనె ఈ తీరానికీ వచ్చింది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వినప్పుడు రోము మట్టిపాత్రలతో పాటు జాడీ పెంకులూ బయటపడ్డాయి. ఎక్కువ ద్రాక్షసారావి, కొన్ని ఆలివ్ నూనెవి. దీపాల సంగతి సంగం కవులకు ముందే తెలుసు. కంచి ఏలిన తొండైమాన్ ఇళందిరైయన్ మీది 'పెరుంపాణాఱ్ఱుప్పడై'లో యవనుల, అంటే గ్రీకు రోమనుల, హంస దీపం ఉంది. 'నెడునల్వాడై'లోనైతే యవనులు చేసిన బొమ్మ చేతిలో ప్రమిద పట్టుకుని నిలబడుతుంది. దీపం సీమది, అందులో పోసింది మన నెయ్యే.

తిరువాలంగాడుకు చరిత్ర పుస్తకాల్లో పేరు తెచ్చింది 1905లో దొరికిన 31 రాగి రేకులు. రాజేంద్ర చోళుడు తన ఆరో పాలనా సంవత్సరంలో, అంటే 1018 ప్రాంతంలో, పళైయనూరును ఈ దేవుడికిచ్చిన దానపత్రం అది. వాటిని గుచ్చిన కడియం మీది ముద్రలో పులి, రెండు చేపలు, విల్లు. వాటికి అటొకటి ఇటొకటి దీపపు సెమ్మెలు. రాజముద్రకూ దీపం కావాల్సి వచ్చింది.

ఈ ఊరి నటరాజ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. ఫ్రెంచి శిల్పి రోదాఁ ఫొటోలు చూసి మురిసి వ్యాసం రాసుకున్న విగ్రహమిదే. చుట్టూ ఉండాల్సిన జ్వాలాతోరణం లేదు. ఎడమ అరచేతిలో నిప్పు మాత్రం మిగిలింది. దానికి నెయ్యి పోసే గొల్లా లేడు, 96 గొర్రెలూ లేవు. సాయంత్రం మ్యూజియం కట్టేసేటప్పుడు గదిలో వెలుగు పోతుంది. దాన్నెవరూ కొండెక్కిందనరు, లైటు తీసేశారంటారు.